నెలకో కొత్త కార్యక్రమం చూడాలనుకున్నాను, ఏడాదికి మూడే అయ్యాయి

హైదరాబాద్ నుంచి ఒకావిడ పెద్ద ఉత్తరమే రాశారు. పేరు వద్దన్నారు. వయసు నలభై మూడు, పుట్టి పెరిగింది తెనాలిలో, పెళ్లయ్యాక కూకట్‌పల్లి వైపు స్థిరపడ్డారు. బ్యాంకులో ఉద్యోగం. ఇంట్లో భర్త, ఏడో తరగతి చదివే బాబు, అత్తగారు. చిన్నప్పుడు తాతగారు చెయ్యి పట్టుకుని నాటకాలకి తీసుకెళ్లేవారట, తెల్లవారుజామున ఆయన భుజం మీద నిద్రపోతూ ఇంటికి రావడం ఇప్పటికీ గుర్తుందట. ఇన్నేళ్లుగా నగరంలో ఉండి మాల్, సినిమా, బిర్యానీ తప్ప ఏమీ చూడలేదనిపించి, కిందటి ఉగాదికి నెలకో కొత్త కార్యక్రమం చూడాలని డైరీలో రాసుకున్నారు. ఏడాది తిరిగేసరికి అయినవి మూడు. శిల్పారామంలో నాట్యానికి అందర్నీ తీసుకెళ్తే అరగంటకే బాబు ఆకలన్నాడు, భర్త ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. నుమాయిష్‌కి, అదే నాంపల్లి ఎగ్జిబిషన్‌కి వెళ్లి దుప్పట్లు కొనుక్కుని, పార్కింగ్ దగ్గర భార్యాభర్తలిద్దరూ గొడవపడి వచ్చారు. మూడోది కర్ణాటక సంగీత కచేరీ, ఒక్కరే వెళ్లారు. చుట్టూ అందరూ తొడ మీద తాళం వేస్తుంటే తనకేమీ అర్థంకాక, సిగ్గేసి మధ్యలో లేచి వచ్చేశారు. "అప్పుడే అయిపోయిందా?" అని భర్త నవ్వారు. అత్తగారు పైకి ఏమీ అనలేదుగానీ ముఖం ముడుచుకున్నారు. ఇంతలో బ్యాంకులో తోటి ఉద్యోగి ఒకామె నాగాలాండ్ హార్న్‌బిల్ పండుగకి వెళ్లొచ్చి ఫొటోలు పెట్టింది.

ఆవిడ అడుగుతున్నది ఇదీ: "ఇంట్లోవాళ్లని బతిమాలి లాక్కెళ్లాలా? ఒక్కదాన్నే తిరగాలా? ఈ వయసులో ఇదంతా ఎందుకని వదిలేయాలా? అసలు నాకు ఇవి నిజంగా ఇష్టమేనా, లేక ఆమెని చూసి కుళ్లా?"

కుళ్లు సంగతి ముందు తేల్చేద్దాం. మీ ఉత్తరంలో నాగాలాండ్ గురించి రెండు లైన్లున్నాయి. తాతగారితో చూసిన నాటకాల గురించి పేజీన్నర ఉంది, అందులో పెట్రోమాక్స్ లైటు చుట్టూ పురుగులు తిరగడం కూడా రాశారు. కుళ్లుకున్నవాళ్లకి అంత వివరం గుర్తుండదండీ. కాస్త అసూయ ఉంటే ఉండనివ్వండి, మనుషులన్నాక ఉంటుంది, అది మిమ్మల్ని ఇల్లు కదిలిస్తే మంచిదే. అయితే ఆమెలా తిరగాలంటే సెలవులూ డబ్బూ ఇంట్లో ఏర్పాట్లూ వేరేగా ఉండాలి. ఆమె ఫొటోల పక్కన మీ డైరీని పెట్టి చూడటం మాత్రం మానేయండి.

ఇక మీ మూడు కార్యక్రమాలు. మొదటి రెండింటికి మీరు ప్రేక్షకురాలిగా వెళ్లలేదు, ఇంటి మేనేజర్‌గా వెళ్లారు. బాబు తిన్నాడా, ఆయనకి విసుగొచ్చిందా, కారు ఎక్కడ పెట్టాం, ఇవే చూసుకున్నారు. ఆ రోజు నాట్యం ఎలా ఉందో ఉత్తరంలో ఒక్క ముక్క కూడా రాయలేదు మీరు, గమనించారా? మీకు రెండు కోరికలున్నాయి. మీకంటూ ఒక సాయంత్రం కావాలి, కుటుంబమంతా కలిసి ఇంటి బయట సరదాగా గడపాలి. రెండూ న్యాయమైనవే. రెండింటినీ ఒకే టికెట్‌తో తీర్చుకోబోయారు, అదే బెడిసికొట్టింది. వీటిని విడదీస్తే మీ ప్రశ్నల్లో సగం వాటంతటవే పోతాయి.

ఒంటరిగా వెళ్లడం గురించి మాట్లాడదాం, ఎందుకంటే మీకు భయం అక్కడే ఉంది. నలభై మూడేళ్ల ఉద్యోగస్తురాలు సాయంత్రం పూట ఒక హాల్లో రెండు గంటలు కూర్చుని రావడంలో తప్పేమీ లేదు, ఇది మీకూ తెలుసు. మీ వైపు నుంచి మియాపూర్–ఎల్బీనగర్ మెట్రో ఎక్కితే లకడీకాపూల్‌లోనో అసెంబ్లీ దగ్గరో దిగి రవీంద్రభారతికి నడిచిపోవచ్చు, పార్కింగ్ గొడవే ఉండదు. 1961లో, టాగోర్ శతజయంతి ఏడాది మొదలైన ఆ హాల్లో ఇప్పటికీ చాలా కార్యక్రమాలకి టికెట్ ఉండదు. కాకపోతే ఒక హెచ్చరిక: ఆహ్వానంలో ఆరింటికని ఉంటుంది, ఆరింటికి వెళ్తే ఉపన్యాసాలు, శాలువాలు, జ్ఞాపికలు, మళ్లీ ఉపన్యాసాలు, అసలు నాట్యం మొదలయ్యేసరికి ఏడున్నర. ఆఫీసు నుంచి ఇంటికెళ్లి, కాఫీ తాగి తీరిగ్గా బయల్దేరండి. ఇంకాస్త చిన్నచోటు కావాలంటే బంజారాహిల్స్‌లో లామకాన్ ఉంది, 2010లో మొదలైంది. నాటకం, గజల్, డాక్యుమెంటరీ, పుస్తకం మీద చర్చ, ఏదో ఒకటి నడుస్తుంటుంది. టీ, సమోసా చౌకగా దొరుకుతాయి. ఒంటరిగా వచ్చినవాళ్లని అక్కడెవరూ వింతగా చూడరు, సగంమంది అలా వచ్చినవాళ్లే.

అయితే ఒంటరిగా వెళ్లడం మొదలుపెడితే ఇంట్లో కొంత చికాకు ఉంటుంది, అదీ చెప్పాలి. మొదట్లో ఆయన వేళాకోళం ఆడతారు. రెండు మూడు సార్లయ్యాక అది తగ్గి, "నన్ను వదిలేసి వెళ్తోంది" అనే చిన్న వెలితి రావచ్చు, అది వేళాకోళం కంటే కష్టం. అందుకే "నేను వెళ్తున్నాను" అని గుమ్మంలో చెప్పే బదులు, రెండో శనివారం సాయంత్రం నాది, బాబు భోజనం మీది, అని ముందే మాట్లాడుకోండి. అనుమతి అడుగుతున్నట్టు కాకుండా, ఆయన క్రికెట్‌కి వెళ్లే రోజు ఎలా చెబుతారో అలా. ఆయన పెట్టే భోజనం పిజ్జా అయినా సరే, మీరు ఫోన్ చేసి కనుక్కోకూడదు.

మధ్యలో లేచి వచ్చేసిన కచేరీకి మీరంత సిగ్గుపడక్కర్లేదు. కచేరీ నడక ఒక్కసారి తెలిస్తే చాలా మారుతుంది. సాధారణంగా వర్ణంతో మొదలవుతుంది, తర్వాత కొన్ని చిన్న కీర్తనలు, ఆపైన ఒక పెద్ద కీర్తన ఉంటుంది, రాగం ఆలపించడం, ఒక పాదం పట్టుకుని దాన్నే రకరకాలుగా తిప్పి పాడే నెరవు, అప్పటికప్పుడు స్వరాలు అల్లే స్వరకల్పన, ఆ తర్వాత మృదంగం వాయించేవారు తమ విద్య చూపించే తని ఆవర్తనం, ఇదంతా కలిపి ముప్పావు గంట పట్టొచ్చు. మీకు తలనొప్పి వచ్చింది అక్కడేనని నా అనుమానం. అది దాటితే జావళీలు, పదాలు అనే శృంగార గీతాలు, అన్నమయ్య, రామదాసు కీర్తనల్లాంటి తేలికైనవి వస్తాయి, చివర మంగళం. అంటే మీకు నచ్చే భాగం రాకముందే వచ్చేశారు! కొత్తవాళ్లు ఆఖరి గంటకి వెళ్లినా ఎవరూ ఏమీ అనుకోరు, వెనక వరసలో కూర్చోండి, అంతే. పైగా త్యాగరాజు పాడింది మన భాషలో. తిరువయ్యూరులో పుష్య బహుళ పంచమినాడు ఆయన ఆరాధనలో కూర్చుని ఆయన ఐదు పంచరత్న కీర్తనలు పాడే తమిళ గాయకులు ఎందరో ఆ మాటలు పట్టుబట్టి నేర్చుకున్నవాళ్లే. మీకు అర్థం ఉచితంగా వచ్చింది. ఒక కీర్తన సాహిత్యం ముందు రోజు చదువుకుని వెళ్లి, అదే పాడితే ఎలా ఉంటుందో చూడండి. జనవరిలోనో ఫిబ్రవరి మొదట్లోనో మన ఊళ్లలో కూడా ఆరాధనలు జరుగుతాయి. గోష్ఠిగానంలో పక్కవాళ్లతో కలిసి పాడేవాళ్లకి అన్నీ వచ్చి ఉండవు, పెదాలు కదిపేవాళ్లూ బోలెడంతమంది.

ఇప్పుడు మీరు అసలు పట్టించుకోని ఒక లైను. ఉత్తరం మూడో పేజీలో, పొద్దుటి హడావిడి గురించి చెబుతూ, "మా అత్తగారు ఫోన్‌లో పద్యాలు పెట్టుకుంటారు, ఆ గోలలోనే క్యారేజీలు కడతాను" అని రాశారు. అమ్మా, తోడు ఎవరూ లేరని బాధపడుతున్న మనిషి రాసే మాటేనా ఇది! ఆవిడ పొద్దున్నే పద్యాలు వింటున్నారంటే పద్యనాటకాల్లోని పడకసీను, గయోపాఖ్యానం, కాటిసీను రాగాలతో సహా వచ్చే తరం. మీరు కచేరీకి వెళ్లొచ్చిన రోజు ముడుచుకున్న ఆ ముఖం, "ఒక్కతే వెళ్లింది" అని కాక "నన్నొక మాటైనా అడగలేదు" అని కూడా అయి ఉండొచ్చు. నేను ఖాయంగా చెప్పలేను, మీరు అడిగితే తేలిపోతుంది. పద్యనాటకం ఎక్కడైనా ఉంటే అడిగి చూడండి.

అష్టావధానం అయితే ఇంకా మంచిది. పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవాళ్లు, ఎనిమిది మంది కలిసి అప్పటికప్పుడు పద్యాలు చెప్పే అవధానిని ఒకేసారి సతాయిస్తుంటారు. ఒకరు నిషిద్ధాక్షరి అని ప్రతి అక్షరం దగ్గరా ఫలానాది వాడొద్దని అడ్డం పడతారు, ఒకరు సంబంధం లేని నాలుగు మాటలిచ్చి అవన్నీ వచ్చేలా పద్యం, అంటే దత్తపది, చెప్పమంటారు, అప్రస్తుత ప్రసంగం చేసేవారు మధ్యమధ్య పిచ్చి ప్రశ్నలేసి ఆటపట్టిస్తారు, ఇంకొకరు గంటలు కొడుతూ పోతే అవధాని అవి లెక్క పెట్టుకోవాలి, చివర్లో పూర్తయిన పద్యాలన్నీ వరసగా అప్పజెప్పాలి. పద్యం తెలిసిన అత్తగారు పక్కన కూర్చుని ఏది ఎందుకు కష్టమో చెబుతుంటే మీకు సగం పని తప్పుతుంది. బాబుని తీసుకెళ్లినా గంటలు లెక్కపెట్టే పని వాడికి అప్పగించొచ్చు.

దీనికీ ఒక ధర ఉంది. ఆవిడ మోకాళ్లు, మెట్లు, బాత్రూం ఎంత దూరం, ఇవన్నీ ముందు చూసుకోవాలి. ఒక్కసారి అలవాటయ్యాక ఆవిడని వదిలి వెళ్లడం కష్టమవుతుంది. నాట్యం చేసే అమ్మాయి బ్లౌజు మీద వ్యాఖ్యానం కూడా వినాల్సి రావచ్చు. మీకు కావాల్సింది పూర్తిగా మీ ఏకాంతమే అయితే ఈ దారి మీది కాదు. లేదూ, చూసినదాని గురించి ఇంటికొచ్చాక మాట్లాడుకోవడానికో మనిషి కావాలనుకుంటే మాత్రం ఇంతకంటే దగ్గర తోడు దొరకదు.

భర్త, బాబు విషయానికొస్తే ఏడాదికి మూడో నాలుగో చాలు, అవీ వాళ్ల కళ్లతో ఎంచుకున్నవి. పన్నెండేళ్ల కుర్రాడిని గంటన్నర వర్ణాలూ తిల్లానాల ముందు కూర్చోబెట్టడం మీ తప్పు, వాడిది కాదు. వాడిని సురభి వాళ్ల నాటకానికి తీసుకెళ్లండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారి కుటుంబం మొదలుపెట్టిన నాటకం, ఇప్పటికీ ఆ కుటుంబాలవాళ్లే వేస్తున్నారు, వాళ్ల కాలనీ మీకు దగ్గర్లోనే, లింగంపల్లి వైపు ఉంది. మాయాబజార్‌లో లడ్డూలు గాల్లో ఎగిరి ఘటోత్కచుడి నోట్లోకి వెళ్తాయి, స్టేజీ మీద వాన పడుతుంది, మంటలు లేస్తాయి, కంప్యూటర్ గ్రాఫిక్స్ చూసి పెరిగిన పిల్లలు కూడా "అదెలా చేశారు?" అని అడక్కుండా ఉండలేరు. ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి కదా, ఆయనా అడుగుతారు.

ఆ మూడు నాలుగింటిలో ఒకటి ఆయన్ని ఎంచుకోనివ్వండి, ఆయన స్టాండప్ కామెడీ ఎంచుకుంటే మొహం చిట్లించకుండా వెళ్లండి. మీ అభిరుచి గొప్పది, ఆయనది తక్కువది అనే ధ్వని మీ ఉత్తరంలో అక్కడక్కడా ఉంది, ఇంట్లో కూడా అది వినబడుతూ ఉంటుంది. అలా అని ఆయన ఫోన్ చూడటాన్ని సమర్థిస్తున్నానని కాదు, నాట్యం చేసే పిల్లకి ముందు వరసలో వెలిగే ఫోన్ కనబడుతుంది, అది మర్యాద కాదు, ఆ మాట ఆయనకి చెప్పొచ్చు.

మీ డైరీ నియమం కూడా నాకు నచ్చలేదు, నెలకొకటి, అదీ కొత్తదే కావాలని. ఎప్పుడూ కొత్తదే చూస్తే దేంతోనూ పరిచయం కుదరదు. కూచిపూడి మొదటిసారి చూస్తే నగలూ అలంకారమూ కనబడతాయి, మూడోసారికి భామాకలాపంలో సత్యభామ ఎక్కడ పొగరుగా ఉందో ఎక్కడ నీరుగారిందో తెలుస్తుంది. చూసినదాన్నే మళ్లీ చూడటాన్ని కూడా లెక్కలో వేసుకోండి. ఒకటో రెండో మీవిగా చేసుకుని, మిగతావి వీలైనప్పుడు రుచి చూస్తే చాలు.

ఇంకో చిక్కు ఏంటంటే మీరు ఇంగ్లిష్ నెలల ప్రకారం పట్టీ వేసుకున్నారు. మన పండుగలు అలా రావు. నుమాయిష్ ఒక్కటి మాత్రం మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది (ఈసారి మెట్రోలో గాంధీభవన్ దగ్గర దిగండి, దుప్పట్లు మోసుకురావడం కష్టమే అనుకోండి). పుస్తక ప్రదర్శన మామూలుగా డిసెంబరులో ఇందిరాపార్కు దగ్గర పెడతారు. మిగతావన్నీ తిథుల మీద ఉంటాయి. విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం విజయదశమి దాటాక వచ్చే మంగళవారం. నెల్లూరులో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగ మొహర్రంతో పాటు ఏటా పది పదకొండు రోజులు ముందుగా వస్తుంది. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె అని నీళ్లలో నిలబడి మార్చుకుంటారు, హిందువులూ ముస్లింలూ అని తేడా ఉండదు. ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో నాగోబా జాతర పుష్య అమావాస్యకి. కాబట్టి గోడమీది తెలుగు క్యాలెండర్ తీసి, వీటిలో మీకు కుదిరేదొకటి పెన్నుతో గుండ్రంగా చుట్టుకోండి, సెలవు ముందే పెట్టుకోవచ్చు. సభలూ నాటకాలూ మాత్రం వారం ముందుగానీ తెలియవు, దానికి పేపర్ల సిటీ ఎడిషన్లో ఆ రోజు కార్యక్రమాలు వేసే చిన్న కాలమ్ చాలు.

దూరం వెళ్లేది ఏడాదికి ఒక్కటి పెట్టుకోండి. మేడారం సమ్మక్క సారలమ్మ జాతరతో మొదలుపెట్టొద్దు. రెండేళ్లకోసారి వస్తుంది, 2026 జనవరి చివర్లో జరిగింది కాబట్టి మళ్లీ 2028, ఆ జనంలో మొదటిసారి కుటుంబంతో వెళ్తే మీ ఇంట్లో ఇక ఎవరూ మీ మాట వినరు. నాగోబా దగ్గరకి వెళ్తే ఒకటి గుర్తుపెట్టుకోవాలి: అది గోండుల్లో మెస్రం వంశంవాళ్ల పూజ. గోదావరి జలం కాలినడకన మోసుకొచ్చి చేసే మొక్కు అది, మన కోసం పెట్టిన ప్రదర్శన కాదు. అడక్కుండా ఫోన్ తీయకూడదు, రానివ్వని చోటికి తోసుకుపోకూడదు. ఫొటోలు రాకపోతే రాకపోయాయి.

దూరమే అక్కర్లేదు కూడా. పదిహేనేళ్లుగా మీ అపార్ట్‌మెంట్ కింద బతుకమ్మ ఆడుతుంటే బాల్కనీలోంచి చూస్తున్నానని, "మాది ఆ వైపు కాదు కదా" అని రాశారు. వరంగల్ పిల్ల ఎవరో ఒకరు మీ ఫ్లోర్‌లోనే ఉంటారు. పెత్రమాస (భాద్రపద అమావాస్య) నాడు మొదటిదైన ఎంగిలిపూల బతుకమ్మ పేర్చేటప్పుడు వెళ్లి తంగేడు, గునుగు పూలు ఎలా పేర్చాలో అడగండి. పాట ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు ఉయ్యాలో అంటూ అందుకుంటారు, మొదటిరోజే మీకు పని దొరుకుతుంది. తొమ్మిది రోజులుంటుంది కాబట్టి ఆఖరి రోజు సద్దుల బతుకమ్మ నాటికి చప్పట్లు తప్పకుండా తిరగగలరు. ఇది నెలకో సాయంత్రం హాల్లో కూర్చోవడం కంటే కష్టం, ఎందుకంటే ఇక్కడ మీరు చూసేవాళ్లు కాదు, అందరూ మిమ్మల్ని చూస్తారు.

ఇవన్నీ చదివి "ఈ ఏడాది నావల్ల కాదు" అనిపిస్తే ఆపేయడం కూడా ఒక దారే. బాబు పరీక్షలు, ట్రాన్స్‌ఫర్, అత్తగారి ఆరోగ్యం, ఏదైనా ఉండొచ్చు. కాకపోతే "ఈ వయసులో ఎందుకు" అనే కారణంతో ఆపొద్దు. కుదరక ఆపితే మళ్లీ మొదలుపెడతారు, వయసని ఆపితే మాత్రం మళ్లీ మొదలుపెట్టరు, వయసు వెనక్కి రాదు కదా.

మొదలుపెట్టేట్టయితే ఆషాఢం దగ్గర్లోనే ఉంది. గోల్కొండలో బోనాలు మొదలై, తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళికి, ఆపైన లాల్‌దర్వాజాకి వస్తాయి. ఆదివారం రోజు మీ అత్తగారితో అక్కడ నిలబడలేరు. సికింద్రాబాద్ బోనాల మర్నాడు సోమవారం రంగం ఉంటుంది, పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెబుతారు, ఆ తర్వాత ఏనుగు మీద ఊరేగింపు. ఆ సోమవారానికి సెలవు ఇప్పుడే పెట్టుకోండి. ఎంత పెందలాడే వెళ్తే అంత మంచిది, మంచినీళ్ల సీసా తీసుకెళ్లండి, చెప్పులు పాతవి వేసుకోండి.